పరదేశాచార్యులు – సంస్కృతిభేదములు : బుచ్చిరెడ్డిపాలెమునుండి శాంతినికేతనము వరకు

ఒక దేశమున పుట్టి, అచటి విద్యాసంప్రదాయమున పెరిగి, మఱియొక దేశపు విశ్వవిద్యాలయమున బోధింపబూనిన ఆచార్యునకు ఎదురగు చిక్కు ఎట్టిది? ఈ ప్రశ్నకు సామాన్యముగ వచ్చు సమాధానములు ఆహారము, వేషము, శీతోష్ణములు అను మూటికి లోబడియుండును. ఇవియు చిక్కులే. కాని కొలది మాసములలో శరీరము వీనికి అలవాటుపడును. అటుపిమ్మటను మిగిలియుండు భేదములు వేఱు. తరగతిలో పెద్దఱికము ఎవరిది? ఏ భాషలో చెప్పిన మాట శిష్యుని మనస్సునకు చేరును? ఇంటిలో ఎవరు ఏ పని చేయుదురు, ఎవరు చేయరు? ఆచార్యుడు తుదకు ఎవరికి జవాబుదారి? ఈ నాలుగును శరీరముతో సంబంధించినవి కావు; అందుచేతనే అవి యేండ్ల తరబడి నిలిచియుండును.

నేడు తెలుగునాటినుండి అమెరికా, ఇంగ్లండు, ఆస్ట్రేలియా మొదలగు దేశములకు పోయి విశ్వవిద్యాలయములందు బోధించువారు పెక్కండ్రు కలరు. వారి అనుభవములనుగూర్చి మనకు కొంత వినికిడి కలదు. ఇరువదవ శతాబ్ది పూర్వార్ధమున ఈ ప్రవాహము విశేషముగ ఎదురుదిక్కున సాగినది. ఐరోపా పండితులు మన విద్యాపీఠములకు వచ్చి బోధించిరి. వారిని అతిథులుగ పిలిపించుకొన్న విద్యాపీఠములలో విశ్వభారతి ముఖ్యమైనది. అచట చదివిన తెలుగువారిలో ఒకరి ఊరు నెల్లూరు మండలమందలి బుచ్చిరెడ్డిపాలెము. ఆ ఊరిని తొలిమెట్టుగ గైకొని, విశ్వభారతి మొదటి దశాబ్దమునందలి పరదేశాచార్యుల చరిత్రను పరిశీలించి, పైని పేర్కొన్న నాలుగు భేదములు వారికి ఎట్లు ఎదురైనవో, వారిలో ఎవరు వానిని దాటగలిగిరో నిరూపించుట ఈ వ్యాసమునకు ఉద్దేశము.

1. శిష్యుని ఊరు

బుచ్చిరెడ్డిపాలెము నెల్లూరునకు వాయవ్యమున, పెన్నకు ఉత్తరపుగట్టున ఉన్నది. కనిగిరి జలాశయపు నీటితో పండు వరిపొలములు, కోదండరామస్వామి ఆలయము, ఆ స్వామి బ్రహ్మోత్సవములు ఈ ఊరి ప్రసిద్ధికి కారణములు. పెన్నకు ఈ ప్రాంతమున సాహిత్యఖ్యాతియు కలదు. మనుమసిద్ధి ఆస్థానకవి తిక్కన సోమయాజి మహాభారతమున పదునైదు పర్వములను తెనిగించినది ఈ నదీతీరముననే. నెల్లూరు మండలమున పుట్టిన బాలునకు భారతమనగా తిక్కన భారతము. అది యేదో దూరదేశపు గ్రంథము కాక తన యేటి యొడ్డున పుట్టిన గ్రంథము. ఈ విషయమును ఇచట నొక్కి చెప్పుటకు కారణము ముందు తెలియగలదు.

బెజవాడ గోపాలరెడ్డి 1907 ఆగస్టు 5-వ తేదీన ఈ ఊర జన్మించిరి. వారు తరువాత 1955–56 సంవత్సరములలో ఆంధ్రరాష్ట్ర ముఖ్యమంత్రిగను, 1957-లో ఏర్పడిన ఆంధ్రప్రదేశ్ సాహిత్య అకాడమీకి మొదటి అధ్యక్షులుగను, రవీంద్రుని రచనలకు తెలుగు అనువాదకులుగను ప్రసిద్ధులై, 1997-లో కీర్తిశేషులైరి. వారి విద్యాభ్యాసము మచిలీపట్టణమునందలి ఆంధ్ర జాతీయ కళాశాలలోను, పిమ్మట శాంతినికేతనమునను జరిగెను. శాంతినికేతనవాసము 1920-ల నడుమ.

ఈ మార్గమును ఆ కాలపు చరిత్రతో చేర్చి చూడవలెను. 1921 ఏప్రిల్ 7-వ తేదీన గాంధీమహాత్ముడు పెన్న యొడ్డున పల్లిపాడులో పినాకినీ సత్యాగ్రహాశ్రమమును ప్రారంభించెను. ప్రభుత్వ కళాశాలలను విడువుడని సహాయనిరాకరణోద్యమము విద్యార్థులను కోరుచుండెను. విడిచినవారు పోవలసిన చోటులు కొలదిగనే ఉండెను. కోపల్లె హనుమంతరావు ప్రభృతులు 1910-లో నెలకొల్పిన జాతీయ కళాశాల అందొకటి. రవీంద్రుని విశ్వభారతి మఱియొకటి. కావున నెల్లూరు మండలపు విద్యార్థి శాంతినికేతనమునకు పోవుట, ఆంగ్లప్రభుత్వపు ఆచార్యుని విడిచి వేఱొక విధమైన ఆచార్యుని వెదకుకొనుటయే.

అట్లు పోయిన తెలుగు విద్యార్థికి శాంతినికేతనమే ఒక పరదేశము. వాడుకభాష వంగభాష, వంటలో ఆవనూనె, చేప, పాటలు, పండుగలు, పిలుపులు అన్నియు క్రొత్తవి. పారిస్ నుండి వచ్చిన ఆచార్యుడును, పెన్న యొడ్డునుండి వచ్చిన శిష్యుడును ఆ ఆవరణమున ఇరువురును క్రొత్తవారే. ఐరోపా పండితుల స్మృతులలో ఈ రెండవ క్రొత్తవానికి చోటు తక్కువ. తెలుగు పరిశోధకులమగు మనము అతనిని దృష్టియందుంచుకొని ఈ చరిత్రను చదువవలెను.

2. పూర్వరంగము : ప్రభుత్వ, మిషను కళాశాలలు

విశ్వభారతికి పూర్వము మన విద్యార్థి ఎఱిగిన పరదేశాచార్యుడు రెండు తెగలవాడు. ప్రభుత్వోద్యోగి ఒకడు, మిషనరీ మఱియొకడు. 19-వ శతాబ్ది చివర ఏర్పడిన విద్యాశాఖ వ్యవస్థలో ఉన్నతమగు ఇండియన్ ఎడ్యుకేషనల్ సర్వీసు మిక్కిలిగ ఐరోపీయులకును, దానికి దిగువదగు ప్రాంతీయ సర్వీసు భారతీయులకును చెందియుండెను. కావున తరగతిలో అడుగిడకముందే ఆచార్యుని పెద్దఱికము నిశ్చితమైయుండెను. అది పాండిత్యమువలన వచ్చినది కాదు; ఉద్యోగశ్రేణివలన వచ్చినది. ఇట్టి స్థితిలో సంస్కృతిభేదము బయటపడుటకే అవకాశము తక్కువ. శిష్యుడు మాటాడకుండుటయే అచట మర్యాద.

ఈ కట్టును సడలించినవారు కొందఱు కలరు. రాజమహేంద్రవరము ప్రభుత్వ కళాశాలకు 1909 నుండి 1919 వరకు ప్రిన్సిపాలుగ ఉన్న ఓస్వాల్డ్ కూల్డ్రే చిత్రకారుడు, రచయిత. దామెర్ల రామారావు, అడివి బాపిరాజు, కవికొండల వేంకటరావు ఆయన వాత్సల్యమునకు పాత్రులైరి. రామారావు కళాశిక్షకై బొంబాయి పోవుటకు ఆయన ప్రోత్సాహమే మూలము. కూల్డ్రే శిష్యులకు ఐరోపా చిత్రములను చూపి ఊరకుండక, అజంతా దిక్కునకును, తమ గోదావరీతీరపు మనుష్యులవైపునకును వారి చూపును త్రిప్పెను. చెవుడు వచ్చుటచే 1919-లో ఆయన ఉద్యోగము విడిచి స్వదేశమునకు పోవలసివచ్చెను. ఆయన తెలుగుదేశ జీవితానుభవములు ‘సౌత్ ఇండియన్ అవర్స్’ అను గ్రంథముగ 1924-లో వెలువడినవి. శిష్యుడగు రామారావు మఱుసటి సంవత్సరమే, ఇరువదియెనిమిదేండ్లు నిండకముందే మరణించెను.

మదరాసు క్రైస్తవకళాశాలలో తత్త్వశాస్త్రము బోధించిన ఆల్‌ఫ్రెడ్ జార్జి హాగ్ కథ మఱియొక విధమైనది. ఆయన స్కాట్లండు దేశీయుడు, మిషనరీ. ఆయన శిష్యుడు సర్వేపల్లి రాధాకృష్ణన్. ఆ యింటిపేరు నెల్లూరు మండలమునందలి సర్వేపల్లి గ్రామమునుండి వచ్చినది. వేదాంతమున నీతికి తావు లేదను మిషనరీల విమర్శకు ప్రత్యుత్తరముగ రాధాకృష్ణన్ తన యం. ఏ. పరీక్షకై వేదాంతనీతినిగూర్చి వ్యాసము వ్రాసెను. అది 1908-లో అచ్చుపడెను. దానిని పరీక్షించిన హాగ్ మెచ్చుకొనెను. తన మతపక్షమునకు ఎదురుగ వ్రాసిన శిష్యుని రచనను, రచనాగుణమునుబట్టి మెచ్చుకొనుట ఆచార్యధర్మము. అయినను ఇచట గమనింపవలసినది వేఱొకటి కలదు. శిష్యుడు తన సంస్కృతిని సమర్థించుకొనవలసిన వాదిగ నిలువబడినాడు. ప్రశ్న వేయు అధికారము మాత్రము ఆచార్యునియొద్దనే ఉండెను.

మూడవవాడు మదనపల్లె దివ్యజ్ఞాన కళాశాలలో బోధించిన ఐర్లండు కవి జేమ్స్ కజిన్స్. 1915-లో అనీబిసెంటు పిలుపుపై మదరాసునకు వచ్చి పత్రికలో పనిచేయుచు, 1916-లో ఐర్లండు తిరుగుబాటును ప్రశంసించి వ్రాసినందున ఆ ఉద్యోగము కోల్పోయి, మదనపల్లె చేరెను. 1919-లో రవీంద్రుడు మదనపల్లెలో విశ్రమించినప్పుడు ‘జనగణమన’ గీతమును ఆంగ్లమున వ్రాసి యిచ్చినది ఈ దంపతుల ఆతిథ్యముననే. అటుపిమ్మట కజిన్స్ తోకియోలోని కెయో విశ్వవిద్యాలయమున కొంతకాలము ఆంగ్లసాహిత్యము బోధించి తిరిగివచ్చెను. ఆంగ్లేయుల ఏలుబడిలో ఉన్న మఱియొక జాతివాడగుటచే, శిష్యునకును తనకును నడుమ పాలక-పాలిత భేదము ఆయనకు అడ్డుపడలేదు. ఆచార్యుని జన్మభూమికంటె, ఆ జన్మభూమికిని శిష్యుని భూమికిని గల సంబంధము తరగతిని ఎక్కువగ శాసించునని ఈ యుదాహరణము చెప్పుచున్నది.

3. పెద్దఱికము ఎవరిది?

1921 డిసెంబరు 23-వ తేదీన విశ్వభారతి లాంఛనముగ ప్రారంభింపబడెను. మొదటి అభ్యాగతాచార్యుడు పారిస్‌లోని కొలేజ్ ద ఫ్రాన్స్‌లో 1894 నుండి సంస్కృతాచార్యుడుగ ఉన్న సిల్వేన్ లెవీ. ఆయన ఉద్యోగశ్రేణివలన వచ్చినవాడు కాడు, మతప్రచారమునకు వచ్చినవాడు కాడు. పిలువగా వచ్చిన అతిథి. అతిథియు గురువును ఒక్కడే యగుట మన సంప్రదాయమునకు క్రొత్త కాదు; అయినను ఇచటనే మొదటి చిక్కు ఏర్పడెను.

లెవీ బోధించినవి చీనా, టిబెటు భాషలు. ప్రయోజనమేమన, మనదేశమున మూలము నశించి ఆ భాషలలోనికి అనువాదములుగ మిగిలిన బౌద్ధగ్రంథములను తిరిగి చదువుట. తెలుగువారికి ఇది పరాయి విషయము కాదు. ఆంధ్రదేశముతో ముడివడిన ఆచార్య నాగార్జునుడు శాతవాహనరాజునకు వ్రాసినదని చెప్పబడు ‘సుహృల్లేఖ’ నేడు మనకు దక్కినది టిబెటు, చీనా అనువాదములలోనే. అనగా మన యింటి గ్రంథమును చదువుటకు మనకు పరదేశపు తాళపుచెవి కావలసివచ్చెను. దానిని తెచ్చినవాడు ఫ్రెంచివాడు. పండితుని అభిమానమునకు ఇంతకంటె కఠినమగు పరీక్ష యేది?

ఈ పరీక్షలో నెగ్గినవాడు విధుశేఖర శాస్త్రి. కాశీలో ప్రాచీనపద్ధతిని చదివిన ఆ శాస్త్రి విశ్వభారతి విద్యాభవనమునకు తానే అధ్యక్షుడైయుండియు, లెవీ తరగతిలో శిష్యుడుగ కూర్చుండెను. పిమ్మట టిబెటు మూలముల సాయమున ఆర్యదేవుని ‘చతుశ్శతక’మును సంస్కరించి 1931-లో ప్రకటించెను. కలకత్తా విశ్వవిద్యాలయమునుండి వచ్చి లెవీయొద్ద చేరిన ప్రబోధచంద్ర బాగ్చి ఆయన వెంట నేపాళమునకును, తరువాత పారిస్‌నకును పోయి, భారత-చీనా సంబంధముల చరిత్రలో ప్రామాణికుడై, 1954-లో విశ్వభారతికే ఉపాధ్యక్షుడయ్యెను. లెవీ శిష్యులను చేర్చుకొనెను. శాస్త్రులకు తెలిసిన వ్యాకరణ, దర్శనముల లోతునుండి తానును గ్రహించెను. కంఠస్థమైన పాఠమున శాస్త్రి పెద్ద, లిఖితప్రతుల పోలికలో లెవీ పెద్ద. పెద్దఱికము విషయమునుబట్టి చేతులు మారుటకు ఇరువురును ఒప్పుకొనిరి. ప్రభుత్వ కళాశాలలో కానరానిది ఇదియే.

1922–23-లో ప్రాగ్ నగరపు జర్మను విశ్వవిద్యాలయమునుండి మోరిస్ వింటర్‌నిట్జ్ వచ్చెను. ప్రాగ్‌లోని చెక్ విశ్వవిద్యాలయపు పండితుడు విన్సెంట్స్ లెస్నీయు అప్పుడే వచ్చెను. వింటర్‌నిట్జ్ ఆక్స్‌ఫర్డులో మాక్సుమూలరునకు సహాయకుడుగ పనిచేసినవాడు. భారతీయ సాహిత్యచరిత్రను సంపుటములుగ వ్రాసినవాడు. ఆ చరిత్ర అంతయు ఆయన భారతదేశమున కాలిడక మునుపే వ్రాయబడినది. గ్రంథములద్వారమున సంపూర్ణముగ తెలిసిన దేశమును ఏబదితొమ్మిదవ యేట మొదటిసారి చూచుట ఆయనకు తటస్థించెను.

ఆయన ప్రియవిషయము మహాభారతము. శాస్త్రీయపద్ధతిలో భారతమును పరిష్కరింపవలెనని 19-వ శతాబ్ది చివరనుండి ఆయన ప్రాచ్యవిద్యాసభలలో కోరుచుండెను. దాక్షిణాత్యపాఠపు ప్రాముఖ్యమును తొలుతగ చూపినవారిలో ఆయన ఒకడు. ఆయనకు భారతము అనేకశతాబ్దములు పెరిగిన, పొరలుగల గ్రంథము. ఇంటిలో పురాణశ్రవణముగ విన్నవానికి అది వ్యాసప్రోక్తమగు పంచమవేదము. నెల్లూరివానికి, తిక్కన భారతమును ఎఱిగినవానికి, ఈ భేదము మఱింత సూక్ష్మమైనది. ఏలయన తెనుగు కవులు తాము ఎదుట ఉంచుకొన్న పాఠమును కుదించియు, విడిచియు, పెంచియు కావ్యము చేసినారని అతడు ముందే యెఱుగును. పాఠము కాలముచే మారునను విషయము అతనికి దెబ్బగ తగులదు. అది పాపము కాదని నన్నయ తిక్కనలే అతనికి చెప్పియున్నారు. పరదేశాచార్యుని పద్ధతికిని, శిష్యుని సంస్కృతికిని విరోధము తప్పనిసరి యని భావించువారికి ఇది సమాధానము. శిష్యుని సంస్కృతిలో ఆ పద్ధతికి అందివచ్చు కొమ్మ ఒకటి ఎచటనో ఉండును. దానిని వెదకుట ఆచార్యుని పని.

భండార్కరు ప్రాచ్యపరిశోధనమందిరము 1919-లో ఆరంభించిన భారతసంశోధనమునకు విశ్వభారతి ఒక పాఠసంవాదకేంద్రమయ్యెను. వంగలిపి ప్రతులు అచట పోల్చిచూడబడెను. 1966-లో ముగిసిన ఆ మహాకార్యమున తెలుగులిపి ప్రతులు ఒక ప్రత్యేకవర్గముగ స్వీకరింపబడినవి. అభ్యాగతాచార్యులు ఒక్క సంవత్సరము మాత్రమే ఉండిరి గదా, వారివలన కలిగిన ఫలమేమి యని ప్రశ్నించువారు ఈ రెండింటిని, బాగ్చి జీవితమును, భారతసంశోధనమును, చూడవలెను.

4. భాష

ఫ్రెంచి, జర్మను, ఇటాలియను పండితులకు ఆంగ్లము పరభాష. వంగీయ, ఆంధ్ర శిష్యులకును పరభాషయే. ఉభయులును మూడవయింటి గుమ్మములో నిలిచి మాటలాడుకొనుట వంటిది ఈ బోధన. దీనియందు ఒక మేలు కలదు: భాష ఎవరికిని స్వంతము కానిచోట తప్పు మాటాడితినను సిగ్గు ఇరువైపులను సమముగ ఉండును. ఒక కీడును కలదు: పరిహాసము, సందేహము, సగముచెప్పి విడిచిన మాట, ఇవి మూడవభాషలో చేరవు. విద్య యనునది కొంత వీనిద్వారమునే చేరును.

ఈ కీడును గుర్తించినవారు స్థానికభాషను నేర్చిరి. విశ్వభారతి స్థాపనకు పూర్వమే శాంతినికేతన పాఠశాలకు వచ్చిన ఆంగ్లేయుడు పియర్సన్ వంగభాష నేర్చి, చుట్టుపట్ల సంతాలు పల్లెలలో తిరిగి పనిచేసెను. లెస్నీ వంగభాషను నేర్చి, రవీంద్రుని రచనలను నేరుగ మూలమునుండి చెక్ భాషలోనికి తెచ్చెను. చీనాదేశపు హునాన్ ప్రాంతమునుండి 1928-లో వచ్చిన తాన్ యున్-షాన్ చీనాభాషను బోధించుచు తాను సంస్కృతమును చదువుకొనెను. 1937 ఏప్రిల్‌లో తెఱవబడిన చీనాభవనమునకు ఆయనయే నిర్మాత. 1983-లో తన మరణమువఱకు ఈ దేశముననే ఉండెను. బోధించుచునే శిష్యుడుగ ఉండుట ఈ ముగ్గురకును సామాన్యలక్షణము. వారి స్థిరత్వమునకు అదియే ఆధారమని చెప్పవచ్చును.

5. ఇల్లు

తరగతిలో ఆచార్యుడు ఒక్కడే. ఇంటిలో కుటుంబము కలదు. పరదేశాచార్యులు తాము వ్రాసిన గ్రంథములలో పాఠములను, శాసనములను, విగ్రహములను వర్ణించిరి. బియ్యము, నీరు, పాము, వేసవి, సేవకుల పనివిభాగము, ఇట్టివానిని వ్రాసినవారు వారి భార్యలు. లెవీ పత్ని సింహళమునుండి నేపాళము వరకు సాగిన తమ యాత్రను 1925-లో ఫ్రెంచి గ్రంథముగ ప్రకటించెను. 1929-లో వచ్చి కొన్నియేండ్లు ఇస్లాముశాస్త్రమును బోధించిన హంగేరీ పండితుడు జూలియస్ గెర్మానుస్ భార్య రోజా హాజ్నోత్సి శాంతినికేతనజీవితమును దినచర్యారూపమున వ్రాసెను. 1940-లలో హంగేరీభాషలో వెలువడిన ఆ గ్రంథము పిమ్మట ఆంగ్లమునకును వచ్చినది. అందు కల్పన కలిసియున్నది కావున చరిత్రకారుడు జాగరూకుడై చదువవలెను. అయినను ఇల్లాలికి కనబడిన భేదములు ఎట్టివో తెలిసికొనుటకు అది ఉపకరించును.

ఇంటిపనికి ఒక మనిషి చాలునని తలచి వచ్చిన ఐరోపా గృహిణికి, వంటచేయువాడు ఊడ్వడనియు, ఊడ్చువాడు నీరు తేడనియు, దొడ్డి శుభ్రము చేయువాడు ఇంటిలో అడుగిడడనియు తెలియుట మొదటి పాఠము. వర్ణధర్మమునుగూర్చి ధర్మసూత్రములను పరిష్కరించిన పండితునకు సైతము ఈ పాఠము గ్రంథములందు ఈ రూపమున లభింపదు.

ఈ విషయమును తరగతిలోనికే తెచ్చినవాడు లెనార్డ్ ఎల్మ్‌హర్స్ట్. ఇంగ్లండున పుట్టి, అమెరికాలోని కార్నెల్ విశ్వవిద్యాలయమున వ్యవసాయశాస్త్రము చదివిన ఈ యువకుడు 1921 చివర వచ్చి, 1922 ఫిబ్రవరిలో శాంతినికేతనమునకు సమీపమునందలి సురూల్ గ్రామమున గ్రామపునర్నిర్మాణ కేంద్రమును ప్రారంభించెను. అదియే శ్రీనికేతనము. మరుగుదొడ్డి పనిని పాకీవారికి విడువక విద్యార్థులును, ఉపాధ్యాయులును స్వయముగ చేయవలెననియు, ఆ మలము పొలమునకు ఎరువు కావలెననియు ఆయన తొలిపాఠముగ విధించెను. భద్రకుటుంబముల బాలురకు ఇది వ్యవసాయపాఠము కాదు, వర్ణవ్యవస్థపై దెబ్బ. ఆ పని సాగుటకు ఒక కారణము, ఆచార్యుడు తానే మొదట పార పట్టుట. రెండవ కారణము, ఇదే పనిని గాంధీ తన ఆశ్రమములందు అప్పటికే నియమముగ చేసియుండుట. పల్లిపాడు ఆశ్రమమును ఎఱిగిన నెల్లూరు విద్యార్థికి సురూల్ పాఠము పరదేశపు మాటగ తోపదు. ఇచటను మునుపటి సూత్రమే అన్వయించును: పరదేశాచార్యుని మాట నిలుచుటకు స్వదేశమున ఆ మాటకు సాక్షి యొకడు కావలెను.

6. ఎవరికి జవాబుదారి?

నాలుగవ భేదము అన్నిటికంటె గడ్డుది. 1925 నవంబరులో రోమునుండి సంస్కృతాచార్యుడు కార్లో ఫోర్మికి, యువపండితుడు జుసెప్పె తుచ్చి వచ్చిరి. వారితో ముస్సోలినీ కానుకగ ఇటాలియను గ్రంథముల రాశి వచ్చెను. తుచ్చి జీతమును ఇటలీ ప్రభుత్వమే భరించెను. పేదదైన విశ్వభారతికి ఇది గొప్ప సహాయము. తుచ్చి సంస్కృత, చీనా, టిబెటు భాషలను ఎఱిగిన అసాధారణ పండితుడు. తరగతిలో లోపమేమియు లేదు.

1926 మే నెల చివర రవీంద్రుడు ఇటలీ ప్రభుత్వపు అతిథిగ ఆ దేశమునకు పోయెను. ఆయన మర్యాదకై పలికిన మాటలను అచటి పత్రికలు ఫాసిస్టు ప్రభుత్వమునకు ప్రశంసలుగ మార్చి ప్రకటించెను. స్విట్జర్లండున రొమేన్ రొలాను కలిసి నిజస్థితి తెలిసికొన్న పిమ్మట రవీంద్రుడు తన అభిప్రాయమును స్పష్టముచేయుచు ఆండ్రూసునకు వ్రాసిన లేఖ ఆ ఆగస్టులో ‘మాంచెస్టర్ గార్డియన్’ పత్రికలో వెలువడెను. ఇటలీ ప్రభుత్వము తన సహాయమును మరలించుకొనెను. తుచ్చి శాంతినికేతనమును విడువవలసివచ్చెను. పిమ్మట కొన్నియేండ్లు ఢాకా, కలకత్తాలలో బోధించి స్వదేశమునకు పోయెను. ఆచార్యునకును శిష్యులకును నడుమ ఏ కలహమును లేకయే, ఇరువురకును తెలియని చోట వ్రాయబడిన మాటలచే తరగతి మూతపడెను.

దీనితో పోల్చదగినది హైదరాబాదు నిజాము దానము. విశ్వభారతిలో ఇస్లాముశాస్త్రపీఠమునకై నిజాము లక్షరూపాయల మూలధనము నొసగెను. గెర్మానుస్ బోధించినది ఆ పీఠముననే. ఇచట ధనము సంస్థ చేతికి వచ్చెను. ఆచార్యుని సంస్థయే ఎన్నుకొనెను. అచట ధనము ఆచార్యునితోపాటు వచ్చి, ఆచార్యునితోపాటు పోయెను. దాతల గుణదోషములను విచారించుట మన ప్రకృతము కాదు. జీతము సంస్థనుండి వచ్చునా, స్వదేశప్రభుత్వమునుండి వచ్చునా అనునది సంస్కృతిభేదములలో చేర్పదగినదియే. ఏలయన అతిథిధర్మమును, ఉద్యోగధర్మమును ఒకే మనుష్యునియందు పోరాడుట దానివలననే కలుగును.

7. ఎదురుదిక్కు

ఇక ఇచటివారు అచట బోధించుటనుగూర్చి కొంత చెప్పవలెను. హాగ్ శిష్యుడగు రాధాకృష్ణన్ 1926-లో ఆక్స్‌ఫర్డు మాంచెస్టర్ కళాశాలలో అప్టన్ ఉపన్యాసములను ఇచ్చి, 1936 నుండి 1952 వరకు ఆ విశ్వవిద్యాలయమున ప్రాచ్యమతములకును నీతికిని స్పాల్డింగు ఆచార్యుడుగ ఉండెను. ఈ పీఠము ఆయనతోనే ఆరంభమైనది. తలపాగ, నిడుపాటి కోటు విడువక బోధించిన ఆయన ఎదుర్కొన్న భేదము వేషమునకు సంబంధించినది కాదు. మదరాసులో ఆయన సమర్థించుకొనవలసిన పక్షమువాడు; ఆక్స్‌ఫర్డులో ప్రశ్న వేయు స్థానము ఆయనదే అయ్యెను. 1939-లో ప్రకటితమైన ప్రాచ్యమత-పాశ్చాత్యచింతనల గ్రంథమున ఆయన పాశ్చాత్యచింతనయందలి ప్రాచ్యప్రభావమును చర్చించుట ఈ స్థానపు మార్పునకు గుర్తు. 1939 నుండి 1948 వరకు కాశీ హిందూ విశ్వవిద్యాలయమునకును ఉపాధ్యక్షుడుగ ఉండుటచే ఆయన రెండుదేశముల నడుమ తన కాలమును పంచుకొనవలసివచ్చెను. రెండిండ్ల గృహస్థునకు గల శ్రమ అంతయు ఆయనకు కలిగెననుటలో సందేహము లేదు.

తెలుగుభాషాబోధన మాట వేఱు. కడపలో పండితులను చేరదీసి వారియొద్ద చదివిన బ్రౌను దొర స్వదేశమునకు మరలిన పిమ్మట 1865-లో లండనులో తెలుగు ఆచార్యుడయ్యెను. నూఱేండ్లకు పిమ్మట అమెరికా విశ్వవిద్యాలయములు తెలుగును చేర్చుకొన్నవి. పెన్సిల్వేనియాలో లిస్కర్ వాడుకతెలుగు పాఠ్యపుస్తకమును 1963-లో వెలువరించెను. 1971-లో విస్కాన్సిన్ విశ్వవిద్యాలయమున వెల్చేరు నారాయణరావు తెలుగు బోధింపబూనిరి. అచటి ఉపాధ్యాయునకు మొదటి చిక్కు వ్యాకరణము కాదు, పిలుపు. గురువును పేరుపెట్టి పిలుచుట స్నేహమని తలచు దేశమున, ‘నీవు’, ‘మీరు’, ‘తాము’ అను మూడంతస్తుల మర్యాదను, అన్న, అక్క, బాబాయి అను వరుసలను నేర్పవలెను. ఈ మాటలను నేర్పుటయనగా తెలుగుకుటుంబమును నేర్పుటయే. రెండవ చిక్కు, తరగతిలో శిష్యుడు గురువును ఖండించుట. అది అచట శ్రద్ధకు గుర్తు; మన అలవాటున అవిధేయతకు గుర్తు. నారాయణరావు జెరూసలేము పండితుడగు డేవిడ్ షుల్మన్‌తో కలిసి ప్రాచీనాంధ్రకవిత్వమును ఆంగ్లమునకు తెచ్చినది వాదోపవాదములను సహపాండిత్యముగ మార్చుకొనుటవలననే సాధ్యమైనది.

8. ఉపసంహారము

ఈ చరిత్రపై ఒక ఆక్షేపము రాగలదు. లెవీ, వింటర్‌నిట్జ్, రాధాకృష్ణన్ మహాపండితులు. సామాన్యోపాధ్యాయునకు వారి అనుభవము ప్రమాణమగునా? మహాపండితునకు కీర్తి కవచమగుట నిజమే. కాని తుచ్చిని అతని పాండిత్యము కాపాడలేదు. ఎల్మ్‌హర్స్ట్ సురూల్ వచ్చినపుడు పేరుపడిన పండితుడు కాడు. కావున ఫలితము పాండిత్యముపై మాత్రమే ఆధారపడలేదు.

ఇంతవరకు చూచినదానినిబట్టి మూడు విషయములు తేలుచున్నవి. మొదటిది: పరదేశాచార్యుని పెద్దఱికము ఉద్యోగమువలన వచ్చినచోట భేదము కప్పబడి నిలిచియుండెను; విషయమునుబట్టి చేతులు మారినచోట అది విద్యగ మారెను. రెండవది: బోధించుచునే స్థానికభాషను, స్థానికశాస్త్రమును చదివినవారే చిరకాలము నిలిచిరి. మూడవది: ఆచార్యుని జవాబుదారి సంస్థకు కాక మఱియొకరికి ఉన్నచోట, తరగతిలో ఎంత సామరస్యమున్నను అది నిలువలేదు. విదేశమునకు ఉపాధ్యాయుని పంపునపుడుగాని, విదేశమునుండి పిలుచునపుడుగాని విశ్వవిద్యాలయములు ఈ మూటిని ముందుగ విచారించుట యుక్తము. వేతనము, వసతి, ప్రయాణవ్యయము కాగితముపై సులభముగ తేలును. ఈ మూడును కాగితముపైకి రాకయే పోవుచున్నవి.

ఆచార్యుల వైపు నుండి ఈ చరిత్రకు గ్రంథములు కలవు. వారి భార్యల వైపునుండియు కలవు. శిష్యుల వైపునుండి, అందు వంగేతరులగు శిష్యుల వైపునుండి, చెప్పవలసినది చాల మిగిలియున్నది. మచిలీపట్టణపు జాతీయ కళాశాలనుండియు, నెల్లూరు, గుంటూరు, కృష్ణా, గోదావరీ మండలములనుండియు శాంతినికేతనమునకు పోయిన విద్యార్థులు ఇండ్లకు వ్రాసిన ఉత్తరములు, దినచర్యలు, పాఠపు టిప్పణములు పెట్టెలలో చెదలుపాలు కాకమునుపే సేకరింపబడవలెను. బుచ్చిరెడ్డిపాలెమువంటి ఊళ్లలో ఆ పని మొదలిడిన పరిశోధకవిద్యార్థికి, లెవీ ఎట్లు బోధించెనో కాక, తెలుగుబాలుడు ఎట్లు వినెనో తెలియగలదు.